మావయ్య గంటల పెట్టె

పోయిన వారం ఏక్‌బాల్‌పూర్‌లో మావాళ్ళ పెళ్ళికి వెళ్ళాను. భోజనాలకి ఇంకా టైముంది. పిల్లలు కుర్చీల మధ్య పరుగులు పెడుతున్నారు. స్టేజీ మీద ఒక కుర్రాడు కీబోర్డు ముందు నిలబడి పాత సినిమా పాటేదో వాయిస్తున్నాడు. చరణం అయిపోయి మళ్ళీ పల్లవి ఎత్తుకునే ముందు, పాత పాటల్లో ఒక చిన్న ఖాళీ ఉంటుంది చూడండి, మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ ఖాళీలో గంటల చుక్కలు టింగు టింగుమని రాలాయి. ఆ కుర్రాడు ఒక చేత్తో ఫోను చూసుకుంటూనే రెండో చేత్తో ఒక మీట నొక్కి, కుడిచివర వేలు అలా జార్చాడు. అంతే, అయిపోయింది. నా అరచేతులు మాత్రం చెమటతో తడిసిపోయాయి. పక్కన కూర్చున్న మా ఆడపడుచు ఉక్కపోస్తోంది కాబోలనుకుని తన చేతిలో ఉన్న శుభలేఖతో నాకు విసరడం మొదలుపెట్టింది. ఉక్క కాదు, భయం. ఇద్దరు పిల్లల తల్లినయ్యాను, భవానీపూర్‌లో జాకెట్లు కుట్టే షాపులో ఎలాంటి గడుసు కస్టమరునైనా నోటితో నెగ్గుకొస్తాను, కానీ ఆ మోత వింటే మాత్రం నాకు మళ్ళీ పదమూడేళ్ళు వచ్చేస్తాయి.

ఆ వాయిద్యం పేరు గ్లాకెన్‌స్పీల్. అది పలకడానికి మా ఇంట్లో ఎవరికీ నాలుక తిరగలేదు కాబట్టి గంటల పెట్టె అనేవాళ్ళం. సూట్‌కేసులాగా మూత ఉన్న చెక్క పెట్టె. మూత తీస్తే లోపల ఉక్కు పలకలు రెండు వరసల్లో, హార్మోనియం మెట్లు ఉన్నట్టే, ఎడమ పక్క పొడుగ్గా మొదలై కుడికి పోయేకొద్దీ పొట్టివైపోతూ ఉండేవి. అన్నిటికన్నా చివరిది నా చిటికెన వేలంత. పలకకి రెండు వైపులా చిల్లులు, ఆ చిల్లుల్లోంచి సన్నటి మేకులు, మేకుల కింద ఎర్ర ఊలుగుడ్డ. చివర ఉండలున్న రెండు పుల్లలతో కొట్టాలి. వాటిని మావయ్య సుత్తులు అనేవాడు. ఎందుకంటే ఆయన పనంతా సుత్తితోనే.

మావయ్యంటే మా అమ్మకి తమ్ముడు. ఆయనా అమ్మమ్మా మాతోనే ఉండేవారు. మాది శ్రీకాకుళం సముద్రపు వైపు. తాతల కాలంలోనే కలకత్తా ఓడరేవు పనికని వచ్చి వాట్‌గంజ్‌లో స్థిరపడిన కుటుంబం. మా అయ్య రేవులో క్రేను దగ్గర పనిచేసేవాడు, మావయ్య ఓడల మరమ్మతులో చిప్పింగ్ పని చేసేవాడు. చిప్పింగ్ అంటే ఓడ కడుపులోకి దిగి, గోడలకి పట్టిన తుప్పుని సుత్తితో కొట్టి కొట్టి రాల్చడం. ఇనప గదిలో కూర్చుని ఇనుముని ఇనుముతో కొడుతుంటే ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకే ఆ పనివాళ్ళందరూ ఇళ్ళకొచ్చాక కూడా అరిచినట్టే మాట్లాడేవారు. మా సందులో రెండిళ్ళ అవతల ఎవరైనా పెళ్ళాన్ని మంచినీళ్ళు అడిగితే మా ఇంట్లో వినిపించేది. కాబట్టి ఎవరైనా గట్టిగా మాట్లాడితే వాళ్ళ చెవుల గురించి అనుమానపడాలని మాకెవరికీ తోచేది కాదు.

మరి అలాంటి మనిషి చేతికి అంత నాజూకు వాయిద్యం ఎలా వచ్చిందంటే, ఆ చుట్టుపక్కల ఫంక్షన్లలో సినిమా పాటలు వాయించే ఒక ఆర్కెస్ట్రా ఉండేది. దాన్ని నడిపేది ఒక బెంగాలీ పెద్దాయన. అందరూ మాస్టర్ దాదా అనేవారు. తెల్లటి పంచె, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పాన్ పొట్లం. ఒకసారి రేవులో పూజకి వచ్చినప్పుడు, మావయ్య ఊరికే కూర్చుని ఒక రేకు మీద పాటకి దరువు వేస్తుంటే విని, వీడి చెయ్యి గడియారంలా ఉందని మెచ్చుకుని, తన దగ్గర మూలపడి ఉన్న ఈ పెట్టెని ఇచ్చి నేర్పించాడట. పెట్టె దాదాదే, మావయ్య దగ్గర ఉంచాడంతే. పలకల మీద స రి గ మలు బెంగాలీ అక్షరాల్లో తెల్ల పెయింటుతో దాదాయే రాశాడు.

దాదాకి ఒక పద్ధతి ఉండేది. ప్రతి ఫంక్షనుకి ముందు కళ్ళు మూసుకుని కూర్చుని ఒక్కొక్క వాయిద్యాన్నీ విడిగా వినేవాడు. ఎక్కడైనా శృతి తేడా వస్తే తిట్టేవాడు కాదు, అరిచేవాడు కాదు. ఫంక్షన్ అయ్యాక ఆ మనిషికి తన చేత్తోనే టీ ఇచ్చి, ఇంటివాళ్ళ క్షేమం అడిగి పంపేవాడు. తర్వాతి ఫంక్షనుకి ఆ మనిషికి కబురు వెళ్ళేది కాదు. వేళ్ళు బిగుసుకుపోయిన వయొలిన్ తాత ఒకాయనకి అలాగే కబురు ఆగిపోయింది. ఆయన చాలా కాలం సాయంత్రమయ్యేసరికి తెల్ల చొక్కా వేసుకుని వాకిట్లో కూర్చోవడం నా కళ్ళతో చూశాను. ఏ అరుపుకీ భయపడనిదాన్ని, దాదా ఇచ్చే ఆ టీకి భయపడేదాన్ని.

నేను నేర్చుకోవడం కూడా అనుకుని మొదలుపెట్టింది కాదు. బడి నుంచి వచ్చాక మావయ్య సాధన చేస్తుంటే పక్కన కూర్చునేదాన్ని. వాగుడుకాయని కదా, ఇదేంటి అదేంటి అని ప్రాణం తీసేదాన్ని. ఆయన విసిగిపోయి ఒక రోజు సుత్తులు నా చేతిలో పెట్టేశాడు.

“నోరు మూసి సెయ్యి ఆడించు. నీకూ హాయి, నాకూ హాయి.”

సినిమా పాటలో ఈ గంటల పని చాలా కొంచెం. పాట పాడేవాళ్ళు పాడతారు, వయొలిన్లు ఏడుస్తాయి, తబలా పరుగెడుతుంది, మన వంతు రావడానికి బోలెడంతసేపు సుత్తులు పట్టుకుని నిలబడాలి. వచ్చాక రెప్పపాటు. ఆ రెప్పపాటులో తప్పితే ఇంకెవరూ కప్పిపుచ్చలేరు. తబలా తప్పితే ఢోలక్ కప్పేస్తుంది, ఫ్లూటు తప్పితే పాడేవాళ్ళు కాస్త గొంతెత్తుతారు. గంట తప్పు పడిందంటే అది సందు చివరిదాకా మోగి, తిరిగి మన మొహం మీదికే వస్తుంది. ఉక్కు పలక కదా, కొట్టాక ఊరుకోదు, అలా మోగుతూనే ఉంటుంది. వాయించడం కన్నా ఆ వంతు కోసం ఎదురుచూడడమే నాకు దడ.

మావయ్య నేర్పే తీరు మాత్రం విచిత్రంగా ఉండేది. ఏ పలక ఎలా మోగుతుందో చెప్పేవాడు కాదు, చెయ్యి ఎంత దూరం పోవాలో చెప్పేవాడు. ఇక్కణ్ణుంచి జానెడు, అక్కణ్ణుంచి బెత్తెడు, మణికట్టు తిప్పు, అని. నేను కుడివైపు పొట్టి పలకల్లో తప్పు కొడితే చూసి పట్టుకునేవాడు. చూడకపోతే పట్టుకునేవాడు కాదు. మొదట్లో అది నాకు వినోదంగా ఉండేది. ఆయన అటు తిరిగినప్పుడు కావాలని తప్పు కొట్టి నవ్వుకునేదాన్ని. తర్వాత ఒక రోజు కుక్కరు ఈల మీద ఈల వేస్తుంటే, పక్కనే కూర్చుని బీడీ కాలుస్తూ ఉన్న మావయ్య కదలలేదు. అమ్మమ్మ పరుగెత్తుకొచ్చి, చెవులు ఎవరికి తాకట్టు పెట్టావురా అని తిడితే, ఏదో ఆలోచనలో ఉన్నానన్నాడు. ఇంకో రోజు చొక్కా జేబులో ఫోను సన్నగా మోగుతోంది, ఆయన నాతో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. నేను జేబు వైపు చూస్తే అప్పుడు తడుముకున్నాడు. ఆ రోజు నుంచి నాకు నవ్వు పోయింది. ఏమిటో తెలియని భయం మొదలైంది. ఎవరికి చెప్పాలో తెలియదు, చెబితే ఏమవుతుందో మాత్రం తెలుసు. వాకిట్లో తెల్ల చొక్కా కళ్ళ ముందు కనిపించేది.

విశ్వకర్మ పూజ వచ్చింది. కలకత్తాలో రేవు పనివాళ్ళకి అంతకన్నా పెద్ద పండగ లేదు. ఆకాశమంతా గాలిపటాలు, డాబాల మీద కుర్రాళ్ళ కేకలు, ప్రతి గేటు దగ్గరా ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ. ముందు రోజు పనిముట్లన్నీ కడిగి, పసుపూ కుంకం పెట్టి, పూజకి సిద్ధం చెయ్యాలి. ఇక మర్నాడు సాయంత్రం హారతి అయ్యేదాకా వాటిని వాడకూడదు. మా సందులో ఆర్కెస్ట్రా వాయిద్యాలు కూడా పనిముట్లతోపాటే పూజలో పెట్టేవారు. హారతి అవ్వగానే అక్కడే ఫంక్షన్.

ఆ మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి మా అమ్మమ్మ కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉంది. పక్కన చింతపండు పులుసు, ఇటుక పొడి, కొబ్బరి పీచు. పెట్టె ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. పలకలన్నీ తీసి, మా ఇంటి ఇత్తడి చెంబులు తోమినట్టు తోమి, తుండుగుడ్డ మీద ఆరబెట్టింది. తళతళలాడిపోతున్నాయి. దాదా రాసిన అక్షరాలు ఒక్కటి లేదు.

“అమ్మమ్మా, ఆ రాతలేటి సేసినావు?”

“రాతలేటే? తెల్లగా మకిలి పట్టీసి ఉంటే వొదలగొట్టినాను. సేతులు పడిపోనాయి.”

“అది మకిలి కాదే. ఏ పలక ఏటో అని దాదా రాసినాడు.”

“తోమితే పోయినదాన్ని రాతంతారేటే? నా పెళ్ళి సెంబు మీద మా అయ్య పేరు సెక్కినారు, నలబై ఏళ్ళు తోమినాను, పోనాదా?” అంది అమ్మమ్మ.

ఆరిన పలకల్ని ఆవిడే మళ్ళీ పెట్టెలో సర్దింది. పెద్దవి ముందు, చిన్నవి వెనక, అటక మీద గిన్నెలు సర్దినట్టు. మేకులన్నిటిలోకీ అవి చక్కగా కూర్చున్నాయి కూడా. తర్వాత పసుపు రాసి, ఒక్కొక్క పలకకీ కుంకం బొట్టు పెట్టుకుంటూ పోయింది. అలా పెడుతుంటే ఆవిడ చేతి గాజులు పలకల మీద రాసుకుని సన్నగా మోగాయి. కింద నుంచి పైకి మెట్లెక్కినట్టు వినిపిస్తోంది. ఎక్కి, ఎక్కి, చివరికొచ్చేసరికి ఒక మెట్టు ఎక్కువ ఎక్కి, మళ్ళీ ఒకటి దిగింది.

చివరి రెండు పలకలు తారుమారయ్యాయి. కంటికి రెండూ ఒకే పొడుగు, గోరంత తేడా. మర్నాటి ఫంక్షన్లో మూడో పాట నిండా గంటలే, అందులో ముఖ్యమైనవి సరిగ్గా ఆ రెండే.

ముట్టుకోబోతే అమ్మమ్మ చేతి మీద ఒకటి వేసింది. పసుపు పడ్డాక పూజ సామానట, మళ్ళీ ఊడదీస్తే అరిష్టమట. సాయంత్రం మావయ్య రాగానే సందు మలుపులోనే పట్టుకుని చెప్పాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, పెట్టె మీద వంగి, తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సరిగానే ఉన్నాయే.”

“నేదు మావయ్యా. అమ్మమ్మ గాజులు తగిలినప్పుడు ఇన్నాను. సివరన దిగిపోనాది. కావాలంటే మళ్ళీ తగిలిస్తాను, ఇనుకో.”

అమ్మమ్మ చూడకుండా నా గాజుని ఆ రెండిటికీ తాకించాను. మావయ్య నా గాజు వైపు చూడలేదు, పెట్టె వైపు చూడలేదు, నా మొహం వైపు చూశాడు. కాసేపు చూసి, చాలా తొందరగా అన్నాడు.

“ఆఁ, ఇన్నాను. బానే ఉన్నాది. నువ్వు ఊరికే బయపడిపోతావు.”

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఆ రెండు పలకలే కాదు, ఆ పక్క పలకలు చాలావాటి మోత ఆయనకి ఎప్పటి నుంచో చేరడం లేదు. సన్నటి చప్పుళ్ళన్నీ ఓడలోనే పోయాయి. ఆయన చేతి లెక్కతో కొడుతున్నాడు, మోత మనసులో వినుకుంటున్నాడు. పలకలు వాటి చోట ఉన్నంతకాలం ఎవరికీ తెలియలేదు. ఈ ఒక్కసారి చోటు మారింది.

మర్నాడంతా నేను అన్నం సరిగ్గా తినలేదు. అమ్మకి చెబుదామంటే అమ్మ వెంటనే అమ్మమ్మకి చెబుతుంది, అమ్మమ్మ కుళాయి దగ్గర చెబుతుంది, ఆ తర్వాత వాట్‌గంజ్‌లో ఇంకెవరికీ చెప్పక్కర్లేదు. మావయ్యతో మళ్ళీ చెబుదామంటే ఆయన నాకు ఎదురుపడడమే లేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తగిలించి, బూట్లకి నల్లరంగు పూసుకుని, పెట్టె ఎత్తుకుని పందిరికి వెళ్ళిపోయాడు. పందిట్లో విశ్వకర్మ కాళ్ళ దగ్గర చిప్పింగ్ సుత్తులు, రెంచీలు, తాళ్ళు, వాటి మధ్య మా గంటల పెట్టె, దాని మీద బంతిపూలు. నేను ఆ పెట్టె వైపు చూస్తూ, దేవుడా ఇవాళ వాన కురిపించు, కరెంటు తీసెయ్యి, మూడో పాట పాడే ఆవిడకి గొంతు పట్టెయ్యి అని దండం పెట్టుకున్నాను. వాన రాలేదు. ఎండ పెళపెళలాడింది. పాడే ఆవిడ వచ్చి నా పక్కనే నిలబడి లవంగాలు నములుతూ ఉంది.

ఇంకా వెలుతురు ఉండగానే హారతి అయింది. కుర్చీలు నిండిపోయాయి, చోటు లేనివాళ్ళు గోడలెక్కారు. దాదా ఎప్పట్లాగే కళ్ళు మూసుకుని కూర్చుని ఒక్కొక్కళ్ళనీ వినడం మొదలుపెట్టాడు. తబలా అయింది, ఫ్లూటు అయింది, అకార్డియన్ అయింది. మావయ్య వంతు వచ్చింది. పలకల మీద అక్షరాలు లేవని దాదా ముందే చూసి, మీ అమ్మకి నా చేతిరాత నచ్చలేదా అని నవ్వాడు కూడా. మావయ్య సుత్తులు తీసుకుని కింద నుంచి పైకి ఒక్క పరుగు తీశాడు. చివరన ఆ వికారపు మెట్టు పడింది. మావయ్య మొహం ప్రశాంతంగా ఉంది. దాదా కళ్ళు తెరిచాడు.

“ఆబార్,” అన్నాడు. మళ్ళీ అని.

మావయ్య మళ్ళీ తీశాడు. మళ్ళీ అదే. తబలా ఆయన తలెత్తాడు. పాడే ఆవిడ నమలడం ఆపింది. ముందు వరసలో కూర్చున్న రేవు పనివాళ్ళు, సగం చెవులు ఓడలకి ఇచ్చేసినవాళ్ళు, వాళ్ళలో కూడా కొందరు మొహాలు చిట్లించారు. మావయ్య మోత వినలేదు గానీ ఆ మొహాలు చూశాడు. ఆయన మెడ మీద నుంచి చెమట కారి ఇస్త్రీ చొక్కా కాలరు తడవడం నాకు కనిపించింది. ఆయన కళ్ళు జనంలో వెతికి వెతికి నా దగ్గర ఆగాయి.

నేను రెండు వేళ్ళు చూపించి, అటుది ఇటు అని తిప్పాను. ఆయన చివరి రెండు పలకలూ తీసి మార్చి పెట్టాడు. మళ్ళీ పరుగు తీశాడు. ఈసారి సరిగ్గా వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే అసలు తప్పు జరిగిపోయింది. సరిగ్గా వచ్చిందా లేదా అని మావయ్య దాదా వైపు చూడలేదు. నా వైపు చూశాడు. నేను తలూపాక అప్పుడు నవ్వాడు.

ఆ చూపుని దాదా చూశాడు.

ఆయన లేచి, ఏమీ ఎరగనట్టు మావయ్య భుజం మీద చెయ్యి వేసి, పైన ఎవరి గాలిపటమో తెగింది చూడు అన్నట్టు ఆకాశం వైపు తిప్పాడు. వెనక నుంచి రెండో చేత్తో ఒక సుత్తి తీసుకుని చివరి పలకని మెల్లగా తట్టాడు. అది చక్కగా మోగింది. మావయ్య గాలిపటాన్నే చూస్తున్నాడు. దాదా మళ్ళీ తట్టాడు, కొంచెం గట్టిగా. మావయ్య తల ఎత్తి చూస్తూనే, బెంగాలీలో, ఎర్రది గెలిచింది దాదా అన్నాడు.

దాదా ఇప్పుడు టీ తెప్పిస్తాడు అనుకున్నాను. ఇంకేమీ తోచలేదు, ఆ టీ గ్లాసు ఒక్కటే కళ్ళ ముందు ఉంది.

దాదా నన్ను వేలితో పిలిచాడు. చిన్న ఆడపిల్లలందరినీ ఆయన ఖుకీ అనే పిలిచేవాడు. “ఖుకీ, ఇలా రా. మూడో పాట వచ్చా నీకు?”

రాదని చెబితే పాటలో గంటలు ఉండవు, లేదంటే దాదాకి తెలిసిపోయాక కూడా మావయ్యే వాయించాలి. వచ్చని చెబితే మావయ్య చోటు నేను లాక్కున్నట్టు. ఎప్పుడూ మూతపడని నా నోరు ఆ ఒక్కసారి మూతపడింది. అప్పటికి మావయ్య ఇటు తిరిగాడు. దాదా చేతిలో సుత్తి చూశాడు, నా మొహం చూశాడు, ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆయనకి తెలిసిపోయింది. దాదా చేతిలోది తీసుకుని, రెండు సుత్తులూ నాకు ఇచ్చాడు.

“దానికి వొచ్చు దాదా. నేనే నేర్పినాను.” నా వైపు తిరిగి, గొంతు తగ్గించాననుకుని, వెనక వరసదాకా వినపడేట్టు అన్నాడు. “కాళ్ళు దూరంగా ఎట్టి నిలబడు. పడిపోతే పెట్టి మీద పడకు, అది దాదాది.”

జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా అయ్య గోడ పక్క నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆడపిల్ల స్టేజీ ఎక్కడం మా ఇంట్లో అదే మొదలు.

మొదటి రెండు పాటలూ ఎలా గడిచాయో తెలియదు. మూడో పాట మొదలైంది. చెమటకి సుత్తులు జారిపోతున్నాయి. ఎక్కడ ఉన్నామో, ఎంత పాట అయిందో తెలియడం లేదు. చెవుల్లో నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. అసలు చెవిటిదాన్ని నేనే అయిపోయాను. అప్పుడు నా భుజం మీద ఒక వేలు పడింది. మావయ్య నా వెనక నిలబడి ఉన్నాడు. తబలా ఆయనకి బాగానే వినిపిస్తుంది కదా, బరువు చప్పుళ్ళు ఏవీ పోలేదు. ఆ దరువుని అలాగే నా భుజం మీద వేస్తున్నాడు. తుప్పు రాల్చే వేలు, గట్టిగా, ఒక్కటి కూడా తడబడకుండా. చరణం అయింది. ఖాళీ వచ్చింది. ఆయన వేలు ఒకసారి గట్టిగా నొక్కింది. నేను కొట్టాను.

సరిగ్గా పడ్డాయి. పలకలు మోగుతుండగా వెనక్కి తిరిగి చూద్దామనుకున్నాను, ధైర్యం చాలలేదు.

ఫంక్షన్ అయ్యాక దాదా ఇద్దరికీ టీ ఇచ్చాడు. నేను తాగలేదు, అక్కడే పారబోశాను. ఆ తర్వాత కబురు కోసం మా ఇంట్లో ఎవరూ పైకి అనకుండా ఎదురుచూశారు. మావయ్య సాధన మానేశాడు, పెట్టె మూత తీయలేదు. గేటు దగ్గర ఎవరి సైకిలు ఆగినా నేను గుమ్మంలోకి పరుగెత్తేదాన్ని. దుర్గా పూజ దగ్గర పడుతుండగా తబలా ఆయన వచ్చి వాకిట్లోనే నిలబడి, ఏక్‌బాల్‌పూర్‌లో ఫంక్షన్ ఉంది, దాదా అమ్మాయిని తీసుకురమ్మన్నాడు అని చెప్పాడు. అమ్మాయిని అన్నాడు. మావయ్య పేరు చెప్పలేదు. అది విని మావయ్య గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. మా అయ్య మాత్రం పేపరు మడిచి, ఒక్క మాటలో తేల్చేశాడు.

“మేనమామ తోడు నేకుండా నా కూతురు గడప దాటదు. ఆడు ఎల్తే ఇదెల్తాది. అలగే సెప్పు మీ దాదాకి.”

అయ్య అది లోకం కోసం అన్నాడో, బావమరిది కోసం అన్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు. మా అయ్య ఏదీ విప్పి చెప్పే మనిషి కాదు. మావయ్య మాత్రం లోపలికి వెళ్ళి ఇస్త్రీ చొక్కా వెతుక్కున్నాడు.

అలా నా పెళ్ళి అయ్యేదాకా వాయించాను. పూజా పందిళ్ళలో, మనవాళ్ళ అమ్మవారి పండగల్లో, ఎక్కడికి వెళ్ళినా మావయ్య నా వెనక నిలబడి భుజం మీద వేలు వేసేవాడు. చూసినవాళ్ళు, పాపం మేనమామ, అల్లరి మూకల మధ్య మేనకోడల్ని కాచుకుంటున్నాడు అనుకునేవారు. ఒక్కసారైనా భయం లేకుండా వాయించానని చెప్పలేను. నేను ఒక్క గంట తప్పితే ఆ వేలు అక్కడ ఉండడానికి కారణం పోతుందని నాకు తెలుసు.

దాదా పోయాడు, ఆర్కెస్ట్రా చెదిరిపోయింది. పెట్టెని దాదా ఇంటివాళ్ళు తీసుకెళ్ళారు. ఓడల మరమ్మతు పనులు కూడా తగ్గిపోయి మావయ్య ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఇప్పుడు మాటలు కూడా దగ్గరగా, ఎదురుగా కూర్చుని చెబితేనే అందుతాయి. షాపుకి సెలవు రోజున వాట్‌గంజ్ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంటాను. ఫోనులో పాత పాటలు పెట్టమంటాడు. ఫోను పెట్టిన బల్ల మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురుతోనే పాట ఎక్కడుందో పట్టుకుంటాడు.

పాత పాటలే ఇప్పుడు కొత్తగా చేసి వదులుతున్నారు చూడండి, ఫోనులో వెతికితే ముందు అవే వస్తాయి. పాట అదే, మాటలు అవే, కానీ మన గంటలు ఉండే ఆ చిన్న ఖాళీని ఏదో చప్పుడుతో నింపేస్తున్నారు. అవి లేవని ఎవరికీ తెలియదు, అడిగేవాళ్ళూ లేరు. ముందు వరసలో మొహాలు చిట్లించేవాళ్ళు ఏమైపోయారో. మావయ్య ఒక్కడే అడుగుతాడు. చరణం అయిపోగానే, సరిగ్గా ఆ చోటికి, బల్ల మీద వేలు ఒకసారి గట్టిగా నొక్కి, నా వైపు తిరుగుతాడు.

“పడినాయా?”

“పడినాయి మావయ్యా.”

ఆయన నా మాట వినడు, మొహం చూస్తాడు. అందుకని ముందు మొహం సరిచేసుకుని, అప్పుడు చెబుతాను.